నూడుల్స్ కింద వదిలిన ఖాళీ

నిస్సిన్ కంపెనీ కప్ నూడుల్స్‌ను నీళ్లు పోయకముందే పైనుంచి కిందికి నిలువునా కోసి చూడండి. ఎండు నూడుల్స్ కట్ట కప్పు అడుగును తాకి ఉండదు. రెండు పక్కల గోడల మధ్య బిగుసుకుని నడిమధ్యలో ఆగి ఉంటుంది. దాని కింద కొంత జాగా ఖాళీ. తూకంలో మోసం చేశారేమోనని మొదటిసారి చూసినవాళ్లకు అనుమానం రావచ్చు. 1971లో జపాన్‌లో పుట్టిన ఈ వస్తువులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన పెట్టిన చోటు ఆ ఖాళీయే అని నా నమ్మకం.

ఈ కాలపు తిండి అలవాట్ల గురించి మాట్లాడేటప్పుడు రుచి గురించి, ప్రకటనల గురించి, ఒంటికి మంచిదా చెడ్డదా అన్నదాని గురించి చాలా మాట్లాడుకుంటాం. పాత్ర ఆకారం గురించి, మూత అంటించిన తీరు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మనిషి ఎక్కడ తింటాడు, ఎవరితో తింటాడు, ఎంతసేపట్లో తింటాడు అన్నవి చాలావరకు తేల్చేది పాత్రే. విస్తరి వేస్తే కుదురుగా కూర్చోవాలి, వడ్డించడానికి ఇంకో మనిషి ఉండాలి. అదే తిండిని చేతిలో ఇమిడే కప్పులో పెట్టి ఇస్తే నిలబడి తినొచ్చు, ఒంటరిగా తినొచ్చు, అర్ధరాత్రి తినొచ్చు. ఆ మార్పు వెనక ఎంత పనితనం ఉందో తెలుసుకోవాలంటే ఈ కప్పును మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

దీన్ని తయారుచేసిన మోమొఫుకు ఆండో 1910లో, అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న తైవాన్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఒసాకాలో ఒక రామెన్ బండి ముందు జనం చలిలో బారులు తీరి నిలబడటం ఆయన చూశారు. ఒక గిన్నెడు వేడి నూడుల్స్ కోసం మనుషులు అంతసేపు నిలబడతారన్న సంగతి ఆయన మనసులో ఉండిపోయింది. 1957లో ఆయన అధ్యక్షుడిగా ఉన్న పరపతి సంఘం దివాలా తీసింది. ఆస్తి పోయింది. ఒసాకా దగ్గర ఇకెదా అనే ఊళ్లో ఉంటున్న ఇల్లు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. పెరట్లో చిన్న పాక వేసుకుని, వాడేసిన నూడుల్స్ యంత్రం ఒకటి కొనుక్కుని పని మొదలుపెట్టారు. వేడినీళ్లు పోస్తే చాలు తినడానికి సిద్ధమయ్యే రామెన్ కావాలి. నెలల తరబడి చెడిపోకూడదు. ఇవీ ఆయన పెట్టుకున్న షరతులు.

నూడుల్స్‌ను ఎండబెట్టడం కష్టం కాదు. ఎండినవి మళ్లీ త్వరగా మెత్తబడటమే కష్టం. దారి వంటింట్లో దొరికింది. భార్య తెంపురా వేయిస్తుంటే, మూకుట్లో పిండి పూత నుంచి తేమ బుడగలు బుడగలుగా బయటికి వచ్చేయడం ఆయన గమనించారు. ముందు ఆవిరి మీద ఉడికించిన నూడుల్స్‌ను కాగుతున్న నూనెలో వేస్తే లోపలి నీరు క్షణాల్లో ఆవిరై పోతుంది. నూనెలో పడిన వడియం గుల్లబారినట్టు, నీరు పోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. తర్వాత వేడినీళ్లు పోస్తే ఆ రంధ్రాల గుండానే లోపలికి వెళతాయి. పిండి ముందే ఉడికి ఉంది కాబట్టి మళ్లీ పొయ్యి మీద పెట్టనక్కర్లేదు. అలా 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్ బజారులోకి వచ్చింది. ధర 35 యెన్లు. అదే రోజుల్లో తాజా ఉడోన్ నూడుల్స్ ముద్ద ఒకటి 6 యెన్లకు దొరికేది. అయినా జనం కొన్నారు.

ఇంతవరకూ వచ్చినది నూడుల్స్ మాత్రమే. అది పొట్లంలో వచ్చేది. ఇంటికి తెచ్చుకుని, గిన్నెలో వేసుకుని, మూత పెట్టుకుని, ఇంట్లోనే తినాలి. వంట తగ్గింది గాని ఇల్లు కదల్లేదు.

1966లో ఆండో అమ్మకాల పని మీద అమెరికా వెళ్లారు. లాస్ ఏంజెలెస్‌లో సూపర్‌మార్కెట్ వాళ్లకు చికెన్ రామెన్ రుచి చూపిద్దామంటే అక్కడ నూడుల్స్ గిన్నెలు లేవు. వాళ్లు కట్టను విరిచి కాగితం కప్పుల్లో వేసుకున్నారు, వేడినీళ్లు పోసుకున్నారు, ఫోర్క్‌తో తిన్నారు, తినేసి కప్పుల్ని చెత్తబుట్టలో పడేశారు. తన సరుకును ఇలా ముక్కలు చేస్తారా అని ఇంకో తయారీదారుడైతే నొచ్చుకునేవాడే. ఆండో కళ్లార్పకుండా చూశారు. జపాన్ బయట ఈ తిండి బతకాలంటే గిన్నె, చాప్‌స్టిక్స్ వెంట రావని, పాత్ర కూడా సరుకులో భాగంగానే వెళ్లాలని ఆయనకు అక్కడే అర్థమైంది. వాడేవాళ్లు తమ అవసరం కొద్దీ చేసుకున్న సర్దుబాటులోంచి కొత్త వస్తువును గుర్తుపట్టడం గొప్ప చూపు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

అక్కడి నుంచి కప్పు చేతికందడానికి ఐదేళ్లు పట్టింది. ఒక్కటే పాత్ర మూడు పనులు చేయాలి. దుకాణంలో ఉన్నప్పుడు అది పెట్టె. నీళ్లు పోసినప్పుడు వంటపాత్ర. తినేటప్పుడు గిన్నె. లోపల మరుగుతున్న నీళ్లుండగా చేయి కాలకూడదు, లోపలి వేడి త్వరగా దిగిపోకూడదు, బరువు ఉండకూడదు. మనం మామూలుగా థర్మోకోల్ అని పిలిచే పదార్థం ఇందుకు సరిపోతుందని తేలింది. అప్పట్లో జపాన్‌లో దాన్ని ఎక్కువగా చూసేది చేపల పెట్టెల్లోనే. అంత మందపాటి పదార్థాన్ని పల్చటి గోడగా తీర్చాలి, అన్నం లాంటి తిండిని తాకేటంత శుభ్రంగా చేయాలి, దానికుండే వాసన పోగొట్టాలి. ఆ పని చేసిపెట్టేవాళ్లు స్వదేశంలో దొరక్క ఒక అమెరికన్ కంపెనీతో కలిసి సొంత కర్మాగారమే పెట్టుకున్నారు. ఆకారం కోసం నలభై దాకా నమూనాలు చేయించారు. ఒక చేత్తో పట్టుకుంటే జారకుండా కుదరాలన్నది ఆండో పట్టు. నమూనాను తలగడ పక్కనే పెట్టుకుని పడుకునేవారట. పైన వెడల్పు, కిందికి వచ్చేకొద్దీ సన్నం అన్న ఆకారం చివరికి ఖాయమైంది.

అసలు చిక్కు నూడుల్స్ దగ్గర వచ్చింది. పొట్లంలో నూడుల్స్ పల్చటి పలకగా ఉంటాయి. కప్పులో పట్టాలంటే లావుపాటి ముద్దగా ఉండాలి. లావు ముద్దను నూనెలో వేస్తే పైపైన వేగి మాడిపోతుంది, లోపల తేమ ఉండిపోతుంది. నూనెలో వేగుతున్న నూడుల్స్ పైకి తేలతాయి. ఆ తేలే గుణాన్నే ఆండో వాడుకున్నారు. కప్పు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చులో నూడుల్స్‌ను వదులుగా వేసి, పైన మూత బిగించి నూనెలో దించితే, ముందు వేగినవి పైకి తేలి మూతకు ఒత్తుకుంటాయి. వెనక వేగినవి వాటి కింద చేరతాయి. బయటికి తీసేసరికి పైభాగం దట్టంగా, చదునుగా ఉంటుంది, కిందిభాగం వదులుగా ఉంటుంది. మాడిన చోటు ఉండదు, పచ్చి చోటు ఉండదు.

ఇక ఖాళీ సంగతి. తయారైన ముద్ద అడుగు, కప్పు అడుగు కన్నా కొంచెం వెడల్పు ఉండేలా చేశారు. అందువల్ల అది అడుగు దాకా జారదు, మధ్యలో బిగుసుకుంటుంది. ఈ ఒక్క కొలత ఎన్ని పనులు చేస్తుందో చూడండి. లారీలో కుదుపులకు ముద్ద కప్పులో అటూ ఇటూ ఎగిరిపడి పొడి కాదు. పల్చటి గోడలకు లోపలి నుంచి అదే ఆసరా కాబట్టి కప్పు సొట్టపడదు. చదునుగా ఉన్న పైభాగం మీద రొయ్యలు, గుడ్డు, మాంసం ముక్కలు, ఉల్లికాడలు పరిస్తే, మూత తీయగానే అన్నీ కళ్లముందు ఉంటాయి, అడుగుకు రాలిపోవు. నీళ్లు పోసినప్పుడు వేడినీరు కిందికి దిగి ఆ ఖాళీలో నిలుస్తుంది, అక్కడి నుంచి వదులుగా ఉన్న నూడుల్స్‌లోకి పైకి ఎక్కుతుంది. కింద వేడి, పైన మూత. మూడు నిమిషాల్లో అన్నివైపులా సమానంగా మెత్తబడుతుంది. దట్టమైన వైపు కింద ఉండి, అడుగుకు అంటుకుని ఉంటే ఇది జరిగేది కాదు. మంచి వడ్రంగి ఒక్క చీలతో రెండు చెక్కల్ని కలిపి, అదే చీలను అందానికీ వాడినప్పుడు కలిగే మెప్పు ఇక్కడ నాకు కలుగుతుంది.

ముద్దను కప్పులోకి దించడం ఇంకో తలనొప్పి అయింది. యంత్రం పైనుంచి వదిలితే కొన్ని పక్కకు ఒరిగేవి, కొన్ని బోర్లా పడేవి. ఒక రాత్రి పక్క మీద పడుకుని ఉండగా పైకప్పూ నేలా తారుమారైనట్టు తనకు అనిపించిందని ఆండో చెప్పుకున్నారు. నూడుల్స్‌ను కప్పులో వేయడం మానేసి, తలకిందులుగా నిలిపిన నూడుల్స్ మీద కప్పునే బోర్లించారు. తర్వాత మొత్తాన్ని తిప్పారు. ఇక ఒక్కటీ ఒరగలేదు.

మూత ఆకాశంలో దొరికింది. అమెరికా నుంచి తిరిగి వచ్చే విమానంలో మకడేమియా గింజలు చిన్న అల్యూమినియం డబ్బీలో ఇచ్చారు. కాగితానికి అల్యూమినియం రేకు అంటించిన మూతతో దాన్ని గాలి చొరకుండా మూశారు. గాలి, తేమ లోపలికి రాని మూత కోసం అప్పటికే వెతుకుతున్న ఆండో ఇంకో డబ్బీ అడిగి తీసుకుని ఇంటికి తెచ్చుకున్నారు.

రొయ్యల కథ మన సముద్రం దాకా వస్తుంది. ఎండబెట్టినా రంగు పోకూడదు, నీళ్లు పడగానే మళ్లీ పొంగాలి, నమిలితే రొయ్యలాగే ఉండాలి. అరవై దాకా రకాలు తెప్పించి పరీక్షించి, చివరికి హిందూ మహాసముద్రంలో దొరికే పూవాలన్ అనే చిన్న రొయ్యను ఎంచుకున్నారు. కేరళ జాలరులు పిలుచుకునే పేరే జపాన్ దాకా వెళ్లింది. రొయ్యల్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఆ మంచును నేరుగా ఆవిరిగా మార్చి ఎండబెట్టారు. అలా చేస్తే రంగు, ఆకారం చెడవు.

కప్పు మీది బొమ్మకూ ఇంతే శ్రద్ధ. 1970 ఒసాకా ప్రపంచ ప్రదర్శనకు చిహ్నం గీసిన తకేషి ఓతాకా చేత ఎర్ర అక్షరాలు, పైనా కిందా బంగారు రంగు పట్టీలు వేయించారు. అర్ధశతాబ్దం దాటినా ఆ ముఖం పెద్దగా మారలేదు. దూరం నుంచి గుర్తుపట్టగలిగిన పాత్ర ఒక్కసారి కంటికి అలవాటైతే, దాన్ని మార్చకపోవడమే తెలివి.

1971 సెప్టెంబర్ 18న కప్ నూడుల్ వచ్చింది. ధర 100 యెన్లు. పొట్లం నూడుల్స్ 25 యెన్లకు వస్తున్న రోజులవి. టోకు వ్యాపారులు పెదవి విరిచారు. ధర ఒక అడ్డు, మర్యాద ఇంకో అడ్డు. నిలబడి, నడుస్తూ తినడం పద్ధతి కాదని జపాన్‌లో పెద్దలు అనుకునేవారు. అందుకని కంపెనీ దుకాణాలను పక్కనబెట్టి, భోజనాల వేళ కుదరని మనుషుల దగ్గరికి వెళ్లింది. అగ్నిమాపక కేంద్రాలు, ఆసుపత్రులు, సైనిక దళాలు. వేడినీళ్లు కూడా పోసి ఇచ్చే అమ్మకపు యంత్రాలు వచ్చాయి. తర్వాత టోక్యోలో గింజా వీధి. ఆదివారాలు బండ్లను ఆపి జనాన్ని నడవనిచ్చే ఆ వీధిలో, అదే ఏడాది జూలైలో జపాన్ తొలి మెక్‌డొనాల్డ్స్ తెరుచుకుంది. నడుస్తూ తినడం కుర్రవాళ్లకు కొత్త సరదా అయిన చోటు అది. నవంబర్‌లో అక్కడ బల్ల వేసి అమ్మితే నాలుగు గంటల్లో 20,000 కప్పులు పోయాయి.

దేశమంతా దీన్ని చూసింది మాత్రం 1972 ఫిబ్రవరిలో. కరుయిజావా కొండల్లో అసామా సాన్సో అనే విడిది గృహంలో సాయుధులైన ఐదుగురు ఒక మహిళను బందీగా పట్టుకున్నారు. పోలీసులు పది రోజులు చుట్టుముట్టారు. చలి సున్నాకు పదిహేను డిగ్రీలు కింద. తెచ్చిన అన్నం డబ్బాలు గడ్డకట్టుకుపోయాయి. పోలీసులు మంచులో నిలబడి, ఆవిర్లు కక్కే కప్పుల్లో నూడుల్స్ తింటుంటే ఇంటింటా టీవీల్లో జనం చూశారు. ఆ తర్వాత అమ్మకాలు దూసుకుపోయాయి. జరిగింది విషాదం. ముగ్గురు చనిపోయారు. దాన్ని వ్యాపారానికి కలిసొచ్చిన అదృష్టంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. కానీ కప్పు ఏ పరిస్థితి కోసం తయారైందో అలాంటి పరిస్థితిలోనే దాని సత్తా తేలిందన్నది నిజం. పొయ్యి, బల్ల, గిన్నె లేని చోట వేడి తిండి అందింది.

ఇక్కడి నుంచి అలవాటు మారిన తీరు చూడాలి. తెలుగింట్లో తిండి అంటే ఎవరో ఒకరు వడ్డించడం, మారు వడ్డించడం, చాలంటున్నా ఇంకొంచెం వేయడం. కప్పులో మారు లేదు. జపాన్ కప్పులో నూడుల్స్ 65 గ్రాములు. తినేవాడు ఆకలితో ఉన్నా, లేకపోయినా అంతే. ఎంత తినాలన్నది తయారీదారుడు ముందే తేల్చేశాడు, ఎంతసేపు ఆగాలన్నదీ ముందే తేల్చేశాడు. కడిగే పాత్ర లేదు కాబట్టి ఇంకొకరి సాయం అక్కర్లేదు. రాత్రి పాళీ ఉద్యోగికి, హాస్టల్ కుర్రాడికి, అమెరికా చేరిన మొదటి వారాల్లో వంట సామాను లేని తెలుగు విద్యార్థికి ఇది ఎంత ఆసరానో వాళ్లను అడిగితే చెబుతారు. పక్కన మనిషి లేకుండా తినడం తేలికైంది. అది మంచి అనీ చెడు అనీ ఒక్క మాటలో తేల్చలేను. ఆకలేసినప్పుడు ఎవరి దయా అక్కర్లేకుండా వేడిగా తినగలగడం చిన్న స్వేచ్ఛ కాదని మాత్రం గట్టిగా అంటాను.

వస్తువు మనిషిని మార్చినట్టే, మనిషి అలవాటూ వస్తువును మార్చింది. అమెరికాలో అమ్మేవాటిలో నూడుల్స్ పొడవు తగ్గించారు. అక్కడివాళ్లు శబ్దం చేస్తూ పీల్చుకోరు, ఫోర్క్‌తో చుట్టుకుని తింటారు. మన దేశంలో నిస్సిన్ అనుబంధ కంపెనీ 1988లో మొదలైంది. ఇక్కడి కప్పుల్లో మసాలా రుచులు, శాకాహారం ముందుకు వచ్చాయి. ప్రపంచ ఇన్‌స్టంట్ నూడుల్స్ సంఘం లెక్కల్లో 2023లో వాటి వాడకంలో చైనా, ఇండొనేషియాల తర్వాత మూడో స్థానం భారతదేశానిదే.

2005లో ఆండో 95 ఏళ్ల వయసులో ఉండగా డిస్కవరీ వ్యోమనౌకలో సోయిచి నొగుచి వెంట ఆయన నూడుల్స్ అంతరిక్షానికి వెళ్లాయి. భారం లేని చోట రసం గాల్లోకి తేలిపోతుంది కాబట్టి దాన్ని చిక్కగా చేశారు. నూడుల్స్‌ను నోట్లో పట్టే చిన్న ఉండలుగా చుట్టారు. అక్కడ దొరికే వేడినీళ్లు మరిగేంత వేడిగా ఉండవు కాబట్టి 70 డిగ్రీల వేడికే మెత్తబడేలా చేశారు. పెరటి పాకలో అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగారు. తినేవాడు ఏ స్థితిలో ఉన్నాడు, అతని దగ్గర ఏమేం లేవు? ఆయన 2007 జనవరిలో కన్నుమూశారు.

ఈ వస్తువును మెచ్చుకునేవాళ్లు రెండు లోపాలు దాచకూడదు. మొదటిది చెత్త. వాడి పడేయడం మీదే నిలిచిన పాత్ర ఇది. థర్మోకోల్ కప్పు మట్టిలో కలవదు. 2008లో జపాన్‌లో కాగితం కప్పుకు మారారు. 2021లో మూత నిలిపి ఉంచే ప్లాస్టిక్ స్టిక్కర్‌ను తీసేసి, మూతకే రెండు చెవులు పెట్టారు. వాటిని మడిస్తే మూత నిలుస్తుంది. దాంతో ఏడాదికి 33 టన్నుల ప్లాస్టిక్ మిగులుతుందని లెక్క. పాత పనితనం ఇంకా బతికే ఉందని చెప్పడానికి ఆ రెండు చెవులు చాలు.

రెండోది ఉప్పు. జపాన్‌లో అమ్మే మామూలు కప్పు మొత్తంలో దాదాపు 5 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతటికీ 5 గ్రాముల లోపు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఉప్పులో సగం దాకా రసంలోనే ఉంటుంది. రసం వదిలేస్తే సగం తగ్గుతుంది. కానీ కప్పు చేతికి కుదిరినంత బాగా పెదవికీ కుదురుతుంది, చివరి చుక్క దాకా తాగమనే ఆకారం దానిది. ఇక్కడ పనితనమే తినేవాడికి ఎదురు తిరిగింది.

ఇప్పుడు మన దగ్గర ఉప్మా, అటుకులు కూడా ఇలాంటి కప్పుల్లోనే వస్తున్నాయి. వాటిని తయారుచేసేవాళ్లకు నా విన్నపం ఒకటి. ఆండో కప్పు ఆకారాన్ని తీసుకున్నారు, ఆయన పడిన శ్రద్ధను కూడా తీసుకోండి. ఉప్మా రవ్వ నూడుల్స్‌లా నానదు, అటుకులు రవ్వలా నానవు. దేనికి తగ్గ పాత్ర దానికి ఆలోచించండి. వాటిలో ఉప్పు ఎంతుందో వెనకవైపు సన్న అక్షరాల్లో దాచకండి. తినేవాళ్లు తెరిచే మూత మీదే పెద్ద అంకెల్లో వేయండి.